బాకీయా, చందాయా?

మాట ఇవ్వటానికి ఇద్దరు కావాలి. ఇచ్చేవాడొకడు, పుచ్చుకునేవాడొకడు. పుచ్చుకున్నవాడికి దాన్ని అడిగే హక్కు ఉన్నప్పుడే అది మాట అవుతుంది. మన పల్లెల్లో ప్రోనోటు రాసే పద్ధతి చూడండి: అసలు ఎంత, వడ్డీ ఎంత, ఎవరి దగ్గర పుచ్చుకున్నది, ఏ తేదీన, సాక్షులెవరు, అన్నీ అందులో ఉంటాయి. మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది గనక అప్పిచ్చిన ఆసామీ గడువు లోపలే వచ్చి, పదో పరకో జమ కట్టించుకుని, కాగితం వెనక చెల్లు వేయించుకుని పోతాడు. అతను ఊరుకుంటే నోటు చచ్చిపోతుంది. ఇదంతా వడ్డీవ్యాపారి ధర్మం, ఇందులో పొగడవలసిందేమీ లేదు. కాని మాట అంటే ఏమిటో ఆ కాగితానికి తెలిసినంతగా మన నీతిశాస్త్రాలకు తెలియదేమోననిపిస్తుంది. ఒకడు తన ఇంట్లో కూచుని, వచ్చే పదేళ్లలో నేను ఇంత ఇస్తానని తన పుస్తకంలో తానే రాసుకుని, తానే సంతకం చేసి, తన బీరువాలోనే పెట్టుకుంటే దాన్ని ఎవరూ ప్రోనోటు అనరు.

వాతావరణం విషయంలో ఇవాళ రాజ్యాలు ఇస్తున్న మాటలు ఈ రెంటిలో ఏ కోవకు వస్తాయన్నది ఈ వ్యాసంలో నేను వేసుకున్న ప్రశ్న. న్యాయశాస్త్రం చదివినవాళ్లు ఇది తమ ప్రశ్న అంటారు. నాకు మాత్రం ఇది ముందుగా నీతికి సంబంధించిన ప్రశ్నగానే కనిపిస్తున్నది. ఎందుకంటే చట్టం జవాబు చెప్పకముందే జనం దీనికి ఒక జవాబు చెప్పుకుని, దానితో తృప్తిపడి ఊరుకుంటున్నారు.

మన విద్యార్థి సభలలో ఆ జవాబు తరుచు వింటాం. గాలిని పాడుచేసింది పడమటి దేశాలు. ముందు వాళ్లు ఆపాలి, వాళ్లు డబ్బివ్వాలి. మన సంగతి ఆ తరవాత. ఇందులో అబద్ధం లేదు. బొగ్గూ, నూనె, గ్యాసూ మండించగా పుట్టే బొగ్గుపులుసు గాలి (పాత వాచకాలలో కార్బన్ డయాక్సైడ్‌కు ఇదే పేరు) వందల ఏళ్లు ఆకాశంలోనే ఉండిపోతుంది. పరిశ్రమల యుగం మొదలైనప్పటినించీ పోగుపడినదాన్ని లెక్కవేస్తే సుమారు నాలుగోవంతు ఒక్క అమెరికాది. ప్రపంచ జనాభాలో ఆరోవంతుకు మించి ఉన్న మన దేశానిది నూటికి నాలుగు పాళ్లయినా లేదు. తలసరిన చూస్తే మనవాడు ఏడాదికి 2 టన్నులు వదులుతుంటే అమెరికావాడు 14 టన్నులు వదులుతున్నాడు. వలసలను దోచి కట్టిన ఫ్యాక్టరీల పొగ ఇంకా మన నెత్తిమీదనే ఉన్నదంటే అది అలంకారం కాదు, అక్షరాలా నిజం. కాని నిజమైన జవాబు కూడా సోమరి జవాబు కావచ్చు. అది ఎవరి నోట వస్తున్నదో, ఎవరికి పనికొస్తున్నదో చూడాలి.

ముందు వాళ్ల సంగతి తేల్చుకుందాం.

1992లో రియో డి జనీరోలో రాజ్యాలన్నీ కూడి ఒక ఒప్పందం రాసుకున్నాయి. బాధ్యత ఉమ్మడిదే గాని అందరిదీ ఒకే పాటి బాధ్యత కాదన్న సూత్రం అందులో ఉన్నది. 1997లో క్యోటోలో ఆ సూత్రానికి అంకెలు వచ్చాయి. సంపన్న దేశాలు 2008కీ 2012కీ మధ్య తాము వదిలే వాయువులను 1990 నాటికన్నా సగటున నూటికి 5 పాళ్లు తగ్గించాలి. ఏ దేశానిది ఎంతో విడివిడిగా రాసి ఉన్నది. ఇది ప్రోనోటుకు దగ్గిరి వస్తువు. అంకె చిన్నదే. అయినా ఏం జరిగింది? క్యోటో సభకు ముందే, 1997 జులైలో, అమెరికా సెనేటు 95 వోట్లతో, ఒక్క వోటు వ్యతిరేకంగా పడకుండా, బీద దేశాలకు కూడా అంకెలు పెట్టని ఒప్పందం తమకు వద్దని తీర్మానం చేసింది. తరవాత వాళ్ల ప్రభుత్వం సంతకమైతే పెట్టింది గాని దాన్ని సెనేటు ముందుకు తీసుకుపోనేలేదు. 2001లో బుష్ అసలే కాదు పొమ్మన్నాడు. కెనడా కథ ఇంకా నేర్పుతుంది. ఆ దేశం నూటికి 6 పాళ్లు తగ్గిస్తానని ఒప్పుకుని, ఆల్బర్టా రాష్ట్రంలో తారు ఇసుక నుంచి నూనె తీసే వ్యాపారాన్ని పెంచుకుంటూ పోయింది. గడువు దగ్గిరపడేసరికి 1990 నాటికన్నా చాలా పైన ఉన్నది. 2011 డిసెంబరులో, మేం ఒప్పందం నుంచి తప్పుకుంటున్నాం అన్నది. మాట నిలబెట్టుకోవాలంటే 1,400 కోట్ల డాలర్లవుతుందని ఆ దేశపు మంత్రి లెక్క కూడా చెప్పాడు. ఏడాది ముందు నోటీసు ఇచ్చి ఎవరైనా వెళ్లిపోవచ్చునని ఒప్పందంలోనే ఉన్నది, అలాగే వెళ్లిపోయింది. బాకీ తీర్చవలసిన రోజు వచ్చేముందు నోటు చింపే హక్కు బాకీదారుకే ఉంటే దాన్ని ఏమనాలి?

ఇక్కడినించి కథ మనకు కూడా తగులుతుంది. 2013లో వార్సాలో కొత్త ఒప్పందానికి భాష తయారవుతున్నప్పుడు, రాజ్యాలన్నీ తమ "కట్టుబాట్లు" చెప్పాలని ముసాయిదాలో ఉన్నది. మన దేశమూ, చైనా అడ్డం తిరిగాయి. ఆ మాట తీసేసి దాని స్థానంలో "తోడ్పాటు" అనే అర్థం వచ్చే మాట పెట్టించాయి. మనవాళ్లు ఇలా చెయ్యటానికి కారణం లేకపోలేదు. కట్టుబాటు అందరికీ ఒకే తీరున వర్తిస్తే రియోలో రాసుకున్న తేడా చెరిగిపోతుంది. చారిత్రకంగా బాకీపడ్డవాడూ, పడనివాడూ ఒకే బల్లమీద కూచోవలసివస్తుంది. ఆ భయం న్యాయమైనదే. కాని బాకీ లేనివాడు బయటపడటానికి తీసిన తలుపులోంచి బాకీపడ్డవాడు కూడా దర్జాగా నడిచి బయటికి వచ్చాడు. అప్పటినించీ ప్రపంచంలో వాతావరణ బాకీ అనేది లేదు. ఉన్నదల్లా చందా. ఎవరి చందా ఎంతో వారే నిర్ణయించుకుంటారు. మన ఊళ్లో శ్రీరామనవమి పందిరికి చందా వేసినట్టే, పెద్దింటివాడు అయిదు రూపాయలు రాస్తే పందిరివాళ్లు తలవంచి పుచ్చుకుని పోవలసిందే.

రెండేళ్ల తరవాత, 2015 డిసెంబరు 12న, పారిస్‌లో ఈ పద్ధతికి ముద్ర పడింది. ఆ రోజు జరిగిన ఒక చిన్న సంఘటన నాకు ఆ ఒప్పందం మొత్తంకన్నా ఎక్కువ చెబుతుంది. చివరి ప్రతిలో, నాలుగో అధికరణంలో, సంపన్న దేశాలు మొత్తంమీద తగ్గింపు లక్ష్యాలు పెట్టుకుని ముందు నడిచి తీరాలి అన్న అర్థంలో ఒక క్రియ ఉన్నది. అమెరికావాళ్లు అది చూసి, ఇది ఉంటే మేం సంతకం పెట్టం అన్నారు. అలా విధిస్తే సెనేటు ముందుకు పోవాలి, సెనేటు సంగతి వాళ్లకు తెలుసు. సభ గంటలకొద్దీ ఆగిపోయింది. ఆఖరికి, అది అచ్చుతప్పు అని చెప్పి, మిగతా అచ్చుతప్పులతో పాటు చదివి, "తీరాలి" అన్నదాన్ని "నడవటం ఉచితం" అన్నట్టు మార్చేశారు. నికరాగ్వా ప్రతినిధి తరవాత నిరసన చెప్పాడు, అది రికార్డుకు ఎక్కింది. భూగోళానికి సంబంధించిన కర్తవ్యం అచ్చుతప్పుగా తేలిపోవటం ప్రూఫులు దిద్దే అలవాటున్న మనవంటివాళ్లకు తేలిగ్గా మింగుడుపడదు.

ఒప్పందంతో పాటు చేసిన తీర్మానంలో 51వ పేరా ఇంకొకటి. తుపానులకూ, సముద్రం పొంగటానికీ బలి అయ్యే దేశాల నష్టాన్ని గురించి ఒప్పందంలో ఒక అధికరణం ఉన్నది. ఆ అధికరణం ఎవరిమీదా బాధ్యత గాని, నష్టపరిహారం గాని మోపటానికి ఆధారం కాదని ఈ పేరా చెబుతుంది. అంటే, నీ ఇల్లు కాలిందని ఒప్పుకుంటాను, నిప్పు సంగతి మాత్రం ఎత్తకు. అమలును కనిపెట్టి చూడటానికి ఒక సంఘం కూడా పెట్టారు. అది ఎవరినీ శిక్షించరాదని ఒప్పందమే చెబుతుంది.

పారిస్‌ను సమర్థించేవాళ్లు చెప్పేది కూడా వినాలి. క్యోటోలో అంకెలున్నాయి గాని ఉండవలసినవాళ్లు లేరు. పారిస్‌లో అంకెలు మెత్తబడ్డాయి గాని అందరూ వచ్చారు. అయిదేళ్లకొకసారి కొత్త చందా రాయాలి, అది పాతదానికన్నా మెరుగ్గా ఉండాలి, లెక్కలు బయటపెట్టాలి. 2015కు ముందు ఈ శతాబ్దాంతానికి నాలుగు డిగ్రీల దాకా వేడి పెరుగుతుందన్న అంచనాలుండేవి. ఇప్పుడున్న విధానాలే సాగితే సుమారు 2.8 డిగ్రీలు పెరుగుతుందని 2025లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం లెక్కవేసింది. ఇది స్వల్పం కాదు, కోట్ల ప్రాణాల తేడా. నేనీ వాదాన్ని కొట్టిపారెయ్యను. కాని దీనివల్ల రుజువయ్యేది సిగ్గుకు కొంత బలం ఉన్నదని మాత్రమే. సిగ్గు ఉన్నవాడి విషయంలోనే అది పనిచేస్తుంది. అమెరికా 2020లో ఒకసారి పారిస్ నుంచి బయటికి పోయి, 2021లో తిరిగివచ్చి, 2025 జనవరిలో మళ్లీ పోతున్నానని నోటీసు ఇచ్చింది. అడ్డం వెళ్లినవాడు లేడు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. 2009లో కోపెన్‌హేగన్‌లో సంపన్న దేశాలు 2020కల్లా ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామన్నాయి. వాళ్ల లెక్కల ప్రకారమే ఆ మొత్తం 2022కు గాని పూర్తి కాలేదు. అందులో ఎక్కువ భాగం అప్పు. బాకీపడ్డవాడు ఆ బాకీని మనకే అప్పుగా ఇచ్చి వడ్డీ పుచ్చుకోవటం చాణక్యుడికి కూడా తట్టని ఉపాయం.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. మాట తప్పటంలోనే కాదు, మాట నిలబెట్టుకోవటంలో కూడా నీతికి సంబంధించిన చిక్కున్నది. సత్యవాక్పాలనకు మనం పెట్టుకున్న ఆదర్శాలు చూడండి. దశరథుడు కైకకు మాట ఇచ్చాడు. అడవికి పోయినవాడు రాముడు. హరిశ్చంద్రుడు విశ్వామిత్రుడికి మాట ఇచ్చాడు. కాశీ బజారులో అమ్ముడుపోయింది చంద్రమతీ, లోహితుడూ. తరతరాలుగా కాటిసీను చూసి కన్నీళ్లు పెట్టుకున్నాం గాని, ఆ మాట ఇచ్చేటప్పుడు చంద్రమతిని అడిగారా అని నాటకం ఆడేవాళ్లు గాని, చూసేవాళ్లు గాని ప్రశ్నించలేదు. భార్యాబిడ్డలు రాజు సొత్తు గనక అడగనక్కర్లేదు. రాజ్యం దేశం పేర మాట ఇచ్చేటప్పుడు కూడా లోపల నడిచేది ఈ రాజనీతే.

2022లో మన ప్రభుత్వం సవరించి పంపిన పత్రంలో రెండు అంకెలు ముఖ్యం. 2030కల్లా జాతీయోత్పత్తిలో రూపాయికి వెలువడే వాయువులను 2005 నాటికన్నా నూటికి 45 పాళ్లు తగ్గించటం ఒకటి. విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, నూనె, గ్యాసు కాని వనరులది కావటం రెండవది. ఈ రెండవది 2025లోనే, అయిదేళ్లు ముందుగా, నెరవేరిందని ప్రకటించారు. నెరవేరినమాట నిజం. కాని సామర్థ్యం వేరు, పుట్టే కరెంటు వేరు. ఎండా గాలీ ఇరవైనాలుగు గంటలూ ఉండవు గనక సామర్థ్యంలో సగమున్నా, నిజంగా వచ్చే కరెంటులో నూటికి డెబ్బై పాళ్ల పైచిలుకు ఇంకా బొగ్గుదే. బావి దగ్గర బొక్కెనలెన్ని ఉన్నాయో చెప్పి, నీళ్లు ఏ బొక్కెనతో తోడుతున్నారో చెప్పకపోతే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉన్నది. మొదటి అంకె కూడా మొత్తాన్ని గురించి చెప్పదు; ఉత్పత్తి పెరిగితే మొత్తం పెరగవచ్చు. బీద దేశం విద్యుత్తు పెంచుకోకుండా ఎలా ఉంటుంది? ఉండరాదు. ఆ పెంపు ఎవరి ఇంటికి పోతున్నదన్నదే నేను అడిగేది.

తలసరి 2 టన్నులు అన్నప్పుడు ఆ తల ఎవరిది? ముంబయిలో అనేక అంతస్తుల మేడ కట్టుకున్నవాడినీ, ఉట్నూరు అడవిలో పొయ్యి కింద పుల్లలు పెట్టుకునే గోండు స్త్రీనీ కలిపి భాగిస్తే వచ్చిన తల అది. అంతర్జాతీయ సభలో మనదేశపు ధనవంతుడు ఆ బీదరాలి తలను అరువు తెచ్చుకుని తన భుజాలమీద పెట్టుకుంటున్నాడు. మన సంపన్నులు బీదల చాటున దాక్కుంటున్నారన్న విమర్శను గ్రీన్‌పీస్ వారి భారత శాఖ 2007లోనే ఒక నివేదికలో చేసింది. ప్రపంచంలో వర్గాలున్నాయని చెప్పే మన ప్రభుత్వాలు దేశం సరిహద్దు దాటి లోపలికి రాగానే ఆ సంగతి మరిచిపోతాయి.

శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర బీల అని పిలిచే చిత్తడినేల ఉన్నది. చుట్టుపక్కల రైతులకు నీళ్లూ, మత్స్యకారులకు చేపలూ ఇచ్చే నేల. అక్కడ ఒక ప్రైవేటు కంపెనీ బొగ్గు విద్యుత్కేంద్రం పెడుతుంటే జనం అడ్డుపడ్డారు. 2010 జులై 14న పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చనిపోయారు. ఆ తరవాత పర్యావరణ అనుమతి రద్దయింది. 2011 ఫిబ్రవరిలో అదే జిల్లా కాకరాపల్లి తంపర భూముల దగ్గర మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. అప్పటికి పారిస్ లేదు. బొగ్గు తగ్గించుకుంటామని మన దేశం ఎవరికీ మాట ఇవ్వలేదు. ఆ రైతులూ, బెస్తలూ వాతావరణ సభల పేర్లయినా విని ఉండరు. తమ నీళ్లకోసం నిలబడ్డారు. కాని రాసిన లక్ష్యాలలో ఏదీ చెయ్యని పని వాళ్లు చేశారు: ఆ బీలలో బొగ్గు మండలేదు. దేశం తరఫున సభలో కూచున్నవాళ్ల లెక్కలో ఇది "తోడ్పాటు" కింద ఎక్కడా జమ పడలేదు.

ఇక ఆ సోమరి జవాబు దగ్గరికి రావచ్చు. ధనిక దేశాలు మాట తప్పితే మనం ఇచ్చిన మాటనుంచి మనకు విడుదల దొరుకుతుందా? మనం మాట ఇచ్చింది ఆ దేశాలకే అయితే దొరుకుతుంది. ఒప్పందంలో ఒక పక్షం తప్పితే రెండో పక్షం తప్పుకోవటం లోకమర్యాదే. కాని మనం పడివున్నది వాళ్లకు కాదు. సముద్రం పొంగితే పోయే తువాలు దీవులవాడికీ, బంగాళాఖాతం ఒడ్డున ఉన్న బంగ్లాదేశ్ రైతుకూ, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఉపాధిహామీ పనిలో గడ్డపార పట్టుకున్న మన కూలీకీ పడివున్నాం. అమెరికావాడు వాళ్లను మోసం చేశాడన్నది, మనం కూడా చెయ్యటానికి కారణం ఎలా అవుతుంది? అలాగే ధనిక దేశాల బాకీకి అసలైన హక్కుదారులు కూడా ఈ జనమే. ఢిల్లీ వాళ్ల తరఫున వసూలుకు వెళ్లిన గుమాస్తా. గుమాస్తా బయట గట్టిగా అడగటం మంచిదే. ఇంటికి వచ్చి లెక్క చెప్పాలని కూడా యజమానులు అడగాలి గదా.

2019లో పసిఫిక్ దీవులలో, వనువాటులో ఉన్న ఒక విశ్వవిద్యాలయ శాఖలో న్యాయశాస్త్రం చదివే 27 మంది విద్యార్థులు ఒక ఆలోచన చేశారు. ఈ చందాల సభలను వదిలి, ప్రపంచ న్యాయస్థానాన్నే అడగకూడదా అని. తరగతిగదిలో పుట్టిన ఆ మాటను వనువాటు ప్రభుత్వం ఎత్తుకున్నది. 2023 మార్చిలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ ఆ ప్రశ్నను హేగ్‌కు పంపింది. 2025 జులై 23న న్యాయమూర్తులు ఏకగ్రీవంగా అభిప్రాయం చెప్పారు. చందా ఎంతో నిర్ణయించుకునే స్వేచ్ఛ రాజ్యానికి ఇష్టం వచ్చినంత లేదన్నారు. తన శక్తి కొద్దీ శ్రద్ధ చూపాలన్నారు. ఒప్పందాల బయట కూడా, ఇతరులకు హాని చెయ్యకూడదన్న సాధారణ ధర్మం రాజ్యాలను కట్టివేస్తుందన్నారు. దాన్ని తప్పితే అది అంతర్జాతీయ అపరాధం, నష్టపరిహారం దాకా పోవచ్చునన్నారు. ఒప్పందం నుంచి నడిచిపోయినవాడు కూడా ఈ ధర్మం నుంచి నడిచిపోలేడు. పారిస్‌లో అచ్చుతప్పుగా కొట్టేసిన క్రియ ఇంకొక తలుపులోంచి తిరిగివచ్చింది. అది సలహా మాత్రమే, అమలుచేసే అమీను లేడు, నిజమే. కాని ఆ రోజునించీ బాకీ అనే మాట మళ్లీ నిఘంటువులోకి వచ్చింది.

2024 డిసెంబరులో ఆ కోర్టులో వాదనలు జరిగినప్పుడు మన దేశం ఏ పక్షాన నిలిచింది? ధనిక దేశాల చారిత్రక బాధ్యతను గురించి మన ప్రతినిధి గట్టిగానే చెప్పాడు. కాని ఇప్పుడున్న ఒప్పందాలను దాటి కొత్త బాధ్యతలేవీ కోర్టు సృష్టించరాదని కూడా కోరాడు. అమెరికా, బ్రిటన్, సౌదీ అరేబియా ఒప్పందాలతోనే సరిపెట్టాలన్నాయి. బాకీ వసూలుకు పంపిన గుమాస్తా బాకీదారుల వరసలో నిలబడి, కొత్త నోట్లేమీ రాయించవద్దని అర్జీ పెట్టుకోవటం మన అధ్యాపకులు పాఠంగా చెప్పదగ్గ విషయం.

చివరగా ఒక తేదీ. 2021 నవంబరులో గ్లాస్గోలో మన ప్రధాని, 2070కల్లా భారతదేశం నికర సున్నాకు చేరుతుందని ప్రకటించాడు. సింగరేణిలో ఇరవైరెండేళ్ల వయసులో 2025లో పనికి చేరిన కుర్రవాడికి 2070లో అరవైఏడేళ్లు వస్తాయి. అతని సర్వీసంతా ఆ మాట లోపలే గడుస్తుంది. ఏ గని ఎప్పుడు మూస్తారు, కాంట్రాక్టు కూలీకి ఏమిస్తారు, గోదావరిఖనిలో, మందమర్రిలో, ఎల్లందులో గనిని పట్టుకుని బతికే బజారు ఏమవుతుందన్నది ఆ మాటలో లేదు. జర్మనీలో బొగ్గు మానటానికి ముందు 2018లో ఒక సంఘం వేసి కార్మిక సంఘాలను కూడా కూచోబెట్టారు. 2020లో చట్టం చేసి, 2038 గడువు పెట్టి, బొగ్గు ప్రాంతాలకు 4,000 కోట్ల యూరోలు కేటాయించారు. కంపెనీల యజమానులు తమ పరిహారం తాము వేరే రాయించుకున్నారు, అది మామూలే. అయినా అక్కడి కార్మికుడి చేతిలో చూపించటానికి ఒక కాగితమున్నది. అలాంటి చట్టం మన దేశంలో లేదు. సింగరేణి కుర్రవాడి తరఫున గ్లాస్గోలో మాట ఇచ్చేశారు. అతనికి ఇచ్చిన మాట మాత్రం ఇంతవరకు ఏ కాగితంమీదా లేదు.